జ్వరం ‘వీకెన్’ అయితే తగ్గినట్టా, పెరిగినట్టా?

ప్రశ్న: నాన్నగారికి జ్వరమని సెలవు పెట్టి ఊరెళ్లాను. నాలుగో రోజుకి తగ్గింది. రేపు డ్యూటీకి వచ్చేస్తానని చెప్పడానికి మేనేజర్‌కి మెయిల్‌లో ‘ద ఫీవర్ హాజ్ వీకెన్డ్ మై ఫాదర్’ అని రాస్తే, ‘ఇంకో రెండు రోజులుండి చూసుకో’ అని జవాబొచ్చింది! సెలవు కలిసొచ్చింది కానీ తప్పెక్కడో తెలీలేదు. నిఘంటువు తీస్తే వీకెన్, వేన్, సాప్, అండర్‌మైన్ అన్నిటికీ ‘బలహీనపడు, బలహీనపరచు’ అనే ఉంది. ఏది ఎప్పుడు వాడాలండీ?
– పేరు వద్దన్న పాఠకుడు, కాకినాడ

జవాబు: మీ మేనేజర్ మంచివారు. మీరు రాసినదానికి ‘జ్వరం మా నాన్నను నీరసపరిచింది’ అని అర్థం, పాపం ఆయన కంగారుపడ్డారు. ‘నాన్నకి జ్వరం తగ్గింది’ అన్న మన వాక్యాన్ని మాటకి మాట దించేశారు, అక్కడొచ్చింది తంటా. మనకి ‘తగ్గు’ ఒక్కటుంటే చాలు: జ్వరం తగ్గుతుంది, గాలి తగ్గుతుంది, కోపం తగ్గుతుంది, చెరువులో నీళ్లు తగ్గుతాయి, ఎప్పుడైనా బుద్ధి పుడితే బంగారం కూడా తగ్గుతుంది. ఇంగ్లీషులో ఈ ఒక్క పనికీ పదిమంది పనివాళ్లున్నారు, ఒకరి పని ఇంకొకరు చెయ్యరు. అందుకని తగ్గుతున్నది ఏంటి, దానంతటదే తగ్గుతోందా, ఎవరైనా తగ్గిస్తున్నారా అని ముందు చూసుకోండి.

జ్వరం, వాపు, నొప్పి లాంటివాటికి ‘సబ్‌సైడ్’ బాగుంటుంది. మెయిల్‌కి అంత కూడా అక్కర్లేదు, ‘కేమ్ డౌన్’ అంటే సరి. గాలివాన తెరిపిస్తే ‘అబేట్’, కాకపోతే అది కాస్త పుస్తకాల భాష.

వీకెన్ రెండు వైపులా పనిచేస్తుంది, తానే బలహీనపడుతుంది, ఇంకొకర్నీ బలహీనపరుస్తుంది. కోస్తావాళ్లకి దీన్ని తుపానుతో చెబితే తేలిగ్గా పడుతుంది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు దాటి ఉన్నంతసేపూ మన వాతావరణ శాఖ లెక్కలో తుపాను, అంతకన్నా తగ్గితే తీవ్ర వాయుగుండం, 50 లోపుకి దిగితే వాయుగుండం. ‘బలహీనపడి వాయుగుండంగా మారింది’ అని టీవీలో చెబుతారే, దానికి ఇంగ్లీషు బులెటిన్‌లో ఉండేది ‘వీకెన్డ్ ఇన్‌టు’. అక్కడ వేన్ పెడితే నప్పదు.

వేన్ అసలు చంద్రుడి సొత్తు. బహుళ పక్షంలో చంద్రుడు రోజురోజుకీ సన్నబడతాడు కదా, అలా ఆసక్తి, పలుకుబడి, ఉత్సాహం మెల్లగా సన్నగిల్లితే వేన్. ఇది దానంతటదే జరిగేది, ‘హీ వేన్డ్ మై ఇంట్రెస్ట్’ అని ఎప్పుడూ రాయకండి. సభలో జనమో, బ్యాంకులో డబ్బులో కరిగిపోతే మాత్రం ‘డ్విండిల్’.

ఇక సాప్, అండర్‌మైన్. ఈ రెండూ నాకు భలే ఇష్టం, ఎందుకంటే రెండూ యుద్ధంలోంచి వచ్చాయి. సాప్ అంటే కోట గోడ దగ్గరికి తవ్వుకుంటూ పోయే కందకం, సైన్యంలో ఇంజినీర్లకి ‘సాపర్స్’ అనే పేరు అక్కడిదే. అండర్‌మైన్ అంటే గోడ కింద సొరంగం తవ్వడం. 1687లో ఔరంగజేబు సేన గోల్కొండ దగ్గర అక్షరాలా ఈ పనే చేసింది, బురుజుల కింద తవ్వి మందుగుండు కూరింది. లోపలివాళ్లు పసిగట్టి ఎదురు తవ్వి, కొంత మందు లాగేసి నీళ్లు పోశారు. మిగిలింది పేలితే రాళ్లొచ్చి మొఘల్ సైనికుల మీదే పడ్డాయి. చివరికి కోట చేతికొచ్చింది లోపలివాడొకడు తలుపు తీసినందుకు, అది వేరే కథ.

ఇప్పుడు వాడుకలో, సత్తువనీ హుషారునీ కొంచెం కొంచెంగా పీల్చేస్తే సాప్: మే నెల ఎండ, రోజూ రెండు గంటల బస్సు ప్రయాణం. అధికారాన్నో నమ్మకాన్నో కింద నుంచి తొలిచేస్తే అండర్‌మైన్: హోంవర్క్ చెయ్యలేదని అమ్మ పిల్లాణ్ని కేకలేస్తుంటే తాతగారు మెల్లగా చాక్లెట్ చేతిలో పెట్టడం. ఈ రెండిటికీ కర్మ తప్పనిసరి, దేన్ని అన్నది చెప్పకపోతే వాక్యం నిలబడదు.

ప్రశ్న: మా ప్రిన్సిపల్ గారి ఉపన్యాసం ‘ఎనర్వేటింగ్’గా ఉందని వందన సమర్పణలో చెప్పాను. ఇంగ్లీషు మేడమ్ నవ్వు ఆపుకున్నారు. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఎనర్జీలా వినిపిస్తుంది గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదమ్మా. లాటిన్‌లో నరం, స్నాయువు అనే మాటలోంచి పుట్టింది, నరాలు తీసేసినట్టు నీరసపరచడం అన్నమాట. ఆయన ఎంతసేపు మాట్లాడారో రాయలేదు, ఒకవేళ నువ్వు నిజమే చెప్పావేమో.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. టీకాల పాఠంలో ‘అటెన్యుయేటెడ్’ అని ఉంది. ‘వీకెన్డ్’ అంటే సరిపోదా?
– పాఠకురాలు, వరంగల్

జవాబు: అర్థానికి సరిపోతుంది, పరీక్షలో మాత్రం మొదటిదే రాయమ్మా. అటెన్యుయేట్ మూలం ‘పలచన’ అనే మాట. క్రిమిని చంపకుండా, దాని వాడి తగ్గించి, రోగం తెచ్చే శక్తి పోయేలా చెయ్యడం. క్షయకి వేసే బీసీజీ టీకా అలాంటిదే: కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1908 నుంచి 13 ఏళ్లు పశువుల క్షయ క్రిమిని బంగాళాదుంప ముక్కల మీద మళ్లీ మళ్లీ పెంచారు, దాదాపు 230 సార్లు. 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. అదీ నోటి ద్వారా, మన భుజం మీద మచ్చ తెచ్చే సూది తర్వాత వచ్చింది.