పిల్లాడు రాగి జావ తాగడం లేదా? ముందు వాళ్ల నాన్న కంచం చూడండి

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. బడిలో ఇచ్చే రాగి జావ పారబోస్తున్నాడని టీచర్ చెప్పారు. ఈమధ్య రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.6 వచ్చింది. దాంతో టెన్షన్ పడి ఇంట్లో రెండు పూటలా సంగటి, కొర్రన్నం మొదలుపెట్టాను. బాబుకు కడుపుబ్బరం, మలబద్ధకం. మావారు అసలు ముట్టరు. మానేయమంటారా?
- ఒక తల్లి, అనంతపురం జిల్లా

సలహా: మానేయొద్దమ్మా. మొదలుపెట్టిన తీరు మార్చుకుంటే చాలు.

వంద గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు ఉంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. తెల్లన్నానికి అలవాటుపడ్డ పేగులకు రెండు పూటలా ఇంత పీచు ఒక్కసారిగా ఇస్తే ఉబ్బరం వస్తుంది. రోజు విడిచి రోజు ఒక్క పూట, అన్నం పక్కనే నిమ్మకాయంత సంగటి ముద్ద పెట్టండి. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. నీళ్లు బాగా తాగించండి. కొర్రలను వండేముందు ఆరు గంటలైనా నానబెట్టండి.

హిమోగ్లోబిన్ సంగతి వేరు. ఈ వయసులో 11.5 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. దీనికి రాగుల మీదే ఆధారపడొద్దు. రాగుల అసలు బలం కాల్షియం: వంద గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు. ఇనుము సజ్జల్లో ఇంకాస్త ఎక్కువ. కానీ ధాన్యంలో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఆ ఇనుమును ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టించినా, పులియబెట్టి అంబలి కాచినా ఆ అడ్డు తగ్గుతుంది. భోజనంతో పాటు నిమ్మరసమో జామకాయో ఇవ్వండి. తిన్న వెంటనే టీ వద్దు. పిల్లల డాక్టరుకు చూపించి ఐరన్ మందు, నులిపురుగుల మాత్ర అవసరమా అని అడగండి.

ఇక పారబోయడం గురించి. నా దగ్గరికొచ్చిన ఒక పాప, "జావ జ్వరమొచ్చినప్పుడు తాగేది కదా" అంది. ఆ మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. మనమే దాన్ని రోగం తిండిగా చూపించాం. పెద్దవాళ్లకేమో అది కరువు రోజుల గుర్తు. వరన్నం పండగకే దొరికిన ఇళ్లలో, సంగటి మానడమే ఎదిగినట్టు అనిపించింది. మీవారి మనసులోనూ అదే ఉందేమో అడిగి చూడండి. నాన్న ముట్టనిది ఆరోగ్యానికి మంచిదని కొడుక్కి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. వారానికి రెండు రాత్రులు ఇంటిల్లిపాదికీ అదే వండండి. వేడి సంగటి మధ్యలో గుంట చేసి నెయ్యి వేసి, పక్కన శెనక్కాయల ఊరుబిండి పెట్టండి. ఇంట్లో అవ్వ ఉంటే తెడ్డుతో కెలికే పని ఆవిడకూ, ముద్దలు చేసే పని బాబుకూ అప్పజెప్పండి. తన చేత్తో చేసిన ముద్దను పిల్లలు వదలరు.

రుచి కూడా చూసుకోవాలి. జావకు పిండిని చన్నీళ్లలో కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోస్తే ఉండకట్టదు. బెల్లం ఇష్టపడకపోతే చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలపండి. సజ్జపిండి త్వరగా చేదెక్కుతుంది, వారానికి సరిపడానే పట్టించండి. చేదు పిండితో రొట్టె చేసి పిల్లాడు తినలేదని కోప్పడటం న్యాయం కాదు.

మలబద్ధకం రెండు వారాలు దాటినా, మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. ఐరన్ మందు మొదలుపెడితే, నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి.