మందు మానేసినా బాగానే ఉన్నానంటోంది

ప్రశ్న: నా భార్యకు 31 ఏళ్లు. రెండేళ్ల కిందట కుడి కన్ను మసకబారి, తిప్పితే నొప్పి వస్తుండడంతో ఎమ్మారై తీయించాం. మెదడు, వెన్నుపాము, కంటి నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బని తేలింది. డైమిథైల్ ఫ్యూమరేట్ 240 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజూ రెండు పూటలా వేసుకోమన్నారు. నెలాఖరుకు చూస్తే సగం స్ట్రిప్పులు మిగిలే ఉంటున్నాయి. అడిగితే ‘వేసుకుంటే ఒళ్లు మంట, వేసుకోకపోతే హాయిగా ఉన్నాను కదా’ అంటోంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎలా నచ్చజెప్పాలి?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ శ్రీమతి చెబుతున్నది అబద్ధం కాదని ముందుగా మీరు ఒప్పుకోవాలి. జ్వరం మాత్ర వేసుకుంటే కాసేపటికి ఒళ్లు చల్లబడుతుంది. ఈ మందు అలా కంటికి కనిపించే మేలు ఏదీ చేయదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరబడి మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీద తొడుగులా ఉండే మైలిన్ పొరను దెబ్బతీయకుండా అదుపు చేయడమే దాని పని కాబట్టి, అది చక్కగా పనిచేస్తున్నన్నాళ్లూ మనిషికి ఏమీ జరగనట్టే ఉంటుంది. మానేసినా కొన్నాళ్లు అలాగే అనిపించవచ్చు. లోపల కొత్త మచ్చలు పడినా అన్నీ బయటికి తెలియవు, అందుకే ఎమ్మారై మళ్లీ మళ్లీ తీయిస్తారు.

ఆమె క్యాప్సూల్ ఎప్పుడు, దేనితో వేసుకుంటోందో ఒక వారం పాటు ఏమీ అనకుండా గమనించండి. తిరుపతిలో నేను చూసేవారిలో చాలామంది తల్లులు, పిల్లలను బడికి పంపే హడావిడిలో ఒట్టి కాఫీతో దాన్ని మింగేస్తారు. అరగంటకల్లా ముఖం, మెడ ఎర్రబడి కడుపులో మంట మొదలవుతుంది. పొద్దున ఇడ్లీలు గానీ పెరుగన్నం గానీ తిన్నాక, రాత్రి సంగటి తిన్నాక వేసుకుంటే ఈ బాధ చాలామందికి తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు కొన్నాళ్లు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేయగలరు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండూ కలిపి వేసుకోకూడదు. రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాల సంఖ్య ఎంత ఉందో చూసే పరీక్షలను మాత్రం వాయిదా వేయవద్దు.

మే నెల ఎండలకు అప్పట్లో దెబ్బతిన్న కన్నే మళ్లీ కాస్త మసకబారి, ఒళ్లు చల్లబడగానే తేరుకుంటే మందు పనిచేయడం లేదని అనుకోవద్దు. కొత్త లక్షణం 24 గంటలు దాటినా పోకపోతే మాత్రం వెంటనే న్యూరాలజిస్టును కలవండి. ఖర్చుకు జంకి పూటలు దాటవేస్తోందేమో కూడా మెల్లగా అడగండి.

స్ట్రిప్పులు లెక్కపెట్టి నిలదీయడం ఆపండి. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది, మందు సరిగా వేసుకోకుండానే వేసుకుంటున్నానని ఆమె డాక్టరుతో చెప్పడం. అది నమ్మితే, మందే పనిచేయలేదనుకుని ఆయన ఇంకా తీవ్రమైన మందు రాసే అవకాశం ఉంది. ఈసారి వెళ్లేటప్పుడు మిగిలిన స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. వాటిని బల్ల మీద ఆమెనే పెట్టనివ్వండి, ఎందుకు మిగిలాయో ఆమెనే చెప్పనివ్వండి.