మీ నాన్న మేజోళ్ళకి జడలు వేసే ముందు

మల్లేశ్వరం,
బెంగళూరు.

చిరంజీవి బుజ్జికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన డిజైను బొమ్మ చూశాను. పాదం చుట్టూ జడలే జడలు (కుట్లని ఒకదాని మీంచి ఒకటి దాటించి అల్లే మెలికలు), అరికాలు కూడా వదల్లేదు. బొమ్మ బాగానే ఉంది గానీ మీ నాన్న కాలికి పనికిరాదు. వాడికి షుగర్ ఉంది కదే! పాదంలో స్పర్శ తగ్గినవాళ్ళకి మేజోడు లోపల చిన్న గట్టు ఒత్తుకున్నా తెలీదు, తెలిసేసరికి పుండవుతుంది. కాబట్టి ఈ జతకి లోపలి వైపే ముఖ్యం. జడలు పాదం పైన, పిక్క మీద వెయ్యి. అరికాలు, మడమ, వేళ్ళ కొస అంతా సాదా అల్లికే. ఊలు అతుకు వేయాల్సి వస్తే పాదం పైవైపే వెయ్యి, ముడి మాత్రం ఎక్కడా వద్దు.

వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి అల్లాలన్న నీ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. వేళ్ళ మీద కుట్టు గీత రాదు, అల్లుతూనే కాలికి తొడిగి చూసుకోవచ్చు, ఊలు ఎంత మిగిలిందో చూసుకుని పిక్క పొడవు తేల్చుకోవచ్చు.

ఊలు కొనేటప్పుడు అక్రిలిక్ జోలికి పోకు. చెమట పీల్చదు. ముప్పావు వంతు ఉన్ని, పావు వంతు నైలాన్ కలిసినది తీసుకో. 100 గ్రాములకి సుమారు 400 మీటర్లు వచ్చే సన్నరకం. జడలు ఊలు ఎక్కువ తింటాయి, పైగా వాడిది పెద్ద పాదం, ఇంకో 50 గ్రాములు చేతిలో ఉంచుకో. రంగు లేతగా, ఒకే రంగుగా ఉండాలి. రంగులు మారే ఊల్లో జడ కనిపించదు. అంతకన్నా పెద్ద సంగతి, షుగర్ ఉన్నవాళ్ళకి లేత రంగైతే పాదం ఎక్కడైనా చిట్లినా మరక వెంటనే పట్టిస్తుంది.

సూది 2.25 మిల్లీమీటర్లది, రెండు మొనలనీ పొడుగు వైరు కలిపే సూది. అమెరికా డిజైన్లలో దీన్ని 1 నంబరంటారు, మన కొట్లలో పాత ఇంగ్లిష్ లెక్క ప్రకారం 13 అంటారు. నంబరు అడక్కు, మిల్లీమీటర్లే అడుగు. జడ మలచడానికి వేరే సూది కొనక్కర్లేదు, సిగకి పెట్టుకునే యు పిన్ను చాలు.

కొలత సాయంత్రం తియ్యి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. వేళ్ళ వెనక వెడల్పయిన చోట చుట్టుకొలత వాడికి తొమ్మిదిన్నర అంగుళాలుంటుందని నా అంచనా. మామూలుగా మేజోడు కాలి కన్నా పది శాతం చిన్నదిగా అల్లుతాం, అప్పుడే జారదు. మీ నాన్నకి అంత బిగువు వద్దు, అరంగుళమే తగ్గించు. అంటే తొమ్మిది అంగుళాలు. నీ చేతికి అంగుళానికి ఎనిమిది కుట్లు వస్తే 72. ఎనిమిది వస్తున్నాయో లేదో గుండ్రంగా ఒక ముక్క అల్లి, తడిపి, ఆరాక కొలిచి చూడు. బల్లపరుపుగా అల్లిన ముక్క లెక్క గుండ్రం అల్లికకి సరిపోదు.

మొదట రెండు మొనల మీదా 16 చొప్పున 32 కుట్లు ఎక్కించు. 2006లో జూడీ బెకర్ అనే ఆవిడ చూపించిన పద్ధతి ఉంది, దాంతో అతుకు గీతే కనపడదు. చుట్టు విడిచి చుట్టు నాలుగేసి పెంచితే పది పెంపులకి 72 అవుతాయి. అరికాలికి 36, పైకి 36.

ఇక నీ ముచ్చట. జడ అల్లికని లోపలికి లాగేస్తుంది, పైగా రిబ్‌లా, అంటే నిలువు గట్లుగా వచ్చే అల్లికలా, సాగదు. ఆ లాగుడుకి ముందే కుట్లు పెంచకపోతే మేజోడు మడమ దాటదు. పైనున్న 36 కుట్లని ఇలా పంచు: 6 నిట్ (సాదా కుట్టు), 2 పర్ల్ (తిరగేసిన కుట్టు), 4 జడకి, 2 పర్ల్, 8 నిట్, 2 పర్ల్, 4 జడకి, 2 పర్ల్, 6 నిట్. జడ చోట నాలుగేసి కుట్లని ఆరేసి చెయ్యి. పైభాగం 40 అయింది కదా, ఆ నాలుగూ జడల లాగుడుకి సరిపోతాయి. నడుమ ఎనిమిదీ సాదాగా ఎందుకు వదలమన్నానంటే, పొద్దున్నే శాంకీ చెరువు చుట్టూ నడిచేటప్పుడు వాడు బూటు లేసు బిగించి కడతాడు. దాని కింద జడ పడితే ఒత్తుతుంది.

వేళ్ళు దాటాక నాలుగైదు చుట్లు ఆగి మొదటి మలుపు తిప్పు, ఆ తర్వాత ప్రతి ఎనిమిదో చుట్టులో. ఆరో చుట్టుకే తిప్పితే జడ ముద్దుగా ఉంటుంది గానీ బిగుసుకుపోతుంది. జడ ఆరు కుట్లలో మొదటి మూడూ పిన్నుకెక్కించి వెనక పెట్టి, మిగతా మూడూ ముందుగా అల్లితే జడ కుడికి వాలుతుంది, పిన్ను ముందు వైపు పెడితే ఎడమకి. ఒకదాన్ని అటూ ఒకదాన్ని ఇటూ తిప్పు, జంటగా కనిపిస్తాయి. పై నుంచి కిందికి అల్లే డిజైన్లలోంచి జడ ఎత్తుకొచ్చేవాళ్ళు ఒకటి మర్చిపోతారు. మామూలు తాడు జడకి తేడా రాదు గానీ పైకీ కిందికీ తేడా ఉన్న గుర్రపునాడా జడలాంటిది మన మేజోడు మీద తలకిందులవుతుంది.

సూది చీలమండ ఎముక ముందుకి చేరాక, అంటే మడమ కొసకి రెండున్నర అంగుళాలు ఉందనగా, పొట్టి వరసల మడమ, అంటే వరస చివరి దాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరిగి అల్లేది, మొదలుపెట్టు. వాడి పాదం ఎత్తుగా ఉంటుంది కాబట్టి దానికి ముందు ఆరు చుట్లలో అరికాలి రెండు అంచులా మూడేసి కుట్లు పెంచు. 36 కాస్తా 42 అవుతాయి, 14 చొప్పున మూడు వాటాలు. అటూ ఇటూ వాటాలు పొట్టి వరసలవి, నడిమిది మడమ కొస. మూలల్లో చిల్లులు పడితే కంగారు పడకు, తర్వాత లోపలి నుంచి ఊలు పోగుతో బిగించుకోవచ్చు.

మడమ అయ్యాక పెంచిన ఆరింటిలో రెండే తగ్గించు, నాలుగు ఉంచెయ్. మొత్తం 80 కుట్లు. ఇప్పుడు నడుమ వదిలిన ఎనిమిదినీ నాలుగు మీద నాలుగు వేసి పెద్ద జడ చెయ్యి, నీ సరదా ఇక్కడ తీర్చుకో. పిక్క వెనక భాగం రిబ్ అల్లితే సాగుతుంది. పై అంచుకి రెండు నిట్, రెండు పర్ల్. కుట్లు దించేటప్పుడు మామూలు పద్ధతి వద్దు, పిక్కని తాడులా పట్టేస్తుంది. 2009లో జెనీ స్టేమన్ చూపించిన సాగే ముగింపు నేర్చుకో. తొడిగి విప్పాక కాలి మీద గీత పడిందంటే ఆ అంచు ఊడదీసి మళ్ళీ అల్లాల్సిందే, మొహమాటం లేదు.

బెంగళూరులో ఉన్ని మేజోళ్ళెందుకని మీ అమ్మ నవ్విందన్నావు. 1884 జనవరిలో ఇక్కడ 7.8 డిగ్రీలు పడిందని చెప్పు. ఇప్పుడంత లేకపోయినా, డిసెంబరులో తెల్లవారుజామున మీ ఇంటి గ్రానైటు గచ్చు మీద ఉత్తికాళ్ళతో నిలబడమను. అన్నట్టు ఆ గచ్చు మీద ఉన్ని జారుతుంది, మేజోళ్ళతో ఇంట్లో తిరగొద్దని మీ నాన్నకి గట్టిగా చెప్పు.

కొలత తీసేటప్పుడు ఎందుకని అడుగుతాడు, బూట్లు కొంటున్నానను. మొదటి మేజోడు మడమ దాకా వచ్చాక లోపలి వైపు తిరగేసి ఫోటో తీసి పంపు. బయటి వైపు తర్వాత చూస్తాలే.

మీ మేనత్త