స్టోర్స్ గుమస్తాకు పర్యాయపదాల పరీక్షా?

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో మాకు యంత్రాల విడిభాగాలు తయారుచేసే చిన్న కర్మాగారం ఉంది. స్టోర్స్ గుమస్తాల ఎంపికకు బయట కొన్న ప్రశ్నపత్రం వాడుతున్నాము. అందులో ఆంగ్ల పర్యాయపదాలు, అంకెల శ్రేణులు ఉంటాయి. మొన్న ఒక అభ్యర్థి "వీటికీ ఈ పనికీ సంబంధమేమిటండీ?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. పరీక్ష తగినదో కాదో తేల్చుకునేదెలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ అభ్యర్థి అడిగినదానికి శాస్త్రంలో ఉన్న పేరు విషయ సప్రమాణత; బి.ఇడి. చదివినవారికి ఈ మాట పరిచితమే. పాఠ్యాంశాలన్నీ తగు పాళ్లలో ప్రశ్నపత్రంలోకి వచ్చాయా అని బడిలో చూసినట్లే, ఇక్కడ పనిలోని ముఖ్యాంశాలు వచ్చాయా అని చూస్తారు. అయితే బడికి సిలబస్ అచ్చై ఉంటుంది, మీ స్టోర్స్‌కు ఉండదు కనుక ముందు దానిని మీరే రాసుకోవాలి. వచ్చిన సరుకును ఇన్‌వాయిస్‌తో సరిచూడడం, స్టాక్ రిజిస్టరు నింపడం, తేడా వస్తే వెంటనే పైవారికి తెలపడం వంటి పనులలో ఏది రోజూ చేయవలసి వస్తుందో, ఏది తప్పితే నష్టం ఎక్కువో అనుభవజ్ఞులైన మీ గుమస్తాలనే అడిగి రాయండి.

ఆ తరువాత 1975లో అమెరికా మనస్తత్వవేత్త లాషే సూచించిన పద్ధతి పనికివస్తుంది. పని తెలిసినవారికి ఒక్కొక్క ప్రశ్ననూ చూపి, అది పరీక్షించే నైపుణ్యం ఈ పనికి అత్యవసరమా, ఉపయోగకరమే గాని అత్యవసరం కాదా, అసలు అక్కరలేనిదా అని విడివిడిగా అడగాలి. అత్యవసరమన్నవారి సంఖ్య నుండి మొత్తం సభ్యులలో సగాన్ని తీసివేసి, వచ్చినదానిని ఆ సగంతోనే భాగించాలి. 10 మందిలో 8 మంది అవునంటే 0.60 వస్తుంది. మన పంచాయతీలలో అయితే తీర్మానం నెగ్గినట్లే. లాషే పట్టికలో మాత్రం 10 మందికి కనీస విలువ 0.62 కనుక ఆ ప్రశ్న నిలవదు. ఈ కాఠిన్యం నాకు సబబుగానే తోస్తుంది. మీకు అయిదుగురే దొరికితే అయిదుగురూ ఒప్పుకోవలసిందే.

అంకెల శ్రేణుల సంగతి వేరు; అవి కొలిచేది పనిని కాదు, బుద్ధిని. బుద్ధి, వ్యక్తిత్వం వంటి లక్షణాలను కొలిచే పరీక్షలను విషయ సప్రమాణతతో సమర్థించరాదని అమెరికాలో 1978 నాటి ఉద్యోగ ఎంపిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిని ఉంచదలిస్తే, ఎక్కువ మార్కులు వచ్చినవారు తరువాత పనిలోనూ మెరుగ్గా ఉన్నారని మీ రికార్డులతో చూపగలగాలి. అది కొద్దిమంది ఉద్యోగులతో తేలే లెక్క కాదు. చేరాక రెండు రోజులలో నేర్పగల సాఫ్ట్‌వేర్ మీద కూడా ప్రశ్నలు వద్దు.

పర్యాయపదాలకు బదులు మూడు తప్పులున్న ఇన్‌వాయిస్, దానికి సంబంధించిన స్టాక్ రిజిస్టరు పేజీ ఇచ్చి తప్పులు పట్టమనండి. పత్రంలోని ఆంగ్లం ఇన్‌వాయిస్‌లో ఉండే ఆంగ్లాన్ని మించనక్కరలేదు.