వెబ్ ఆప్షన్లలో రెండు కాలేజీలే పెడితే సరిపోతుందా?

అన్నయ్యగారూ, మీ అమ్మాయికి ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) 46 వేల ర్యాంకు, బీసీ-డీ, ఊరు పొందూరు, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలంటోంది, రాజాం జీఎంఆర్‌ఐటీ, విజయనగరం ఎంవీజీఆర్ రెండే వెబ్ ఆప్షన్లలో, అంటే కౌన్సెలింగ్ సైట్‌లో మనం కోరుకునే కాలేజీల లిస్టులో, పెట్టి ఊరుకోవచ్చా అని అడిగారు. ఊరుకోకండి. ఆ రెండూ పెట్టండి, అన్నిటికన్నా పైన పెట్టండి. కానీ వాటి కింద ర్యాంకుకు సరిపడేవి కొన్ని, తప్పకుండా వచ్చేవి కొన్ని ఉండాలి. లేకపోతే మొదటి విడతలో చేతికి ఏమీ రాదు, అప్పుడు ఇంట్లో మొదలయ్యే టెన్షన్‌లో ఎవరు ఏ కాలేజీ చెబితే అందులో చేర్చేస్తాం. రెండేళ్ల క్రితం మా మేనకోడలికి ఆప్షన్లు పెట్టించాను, ఆ తర్వాత మా వీధి పిల్లలకూ సాయం చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఒక భయం వదిలేయండి. పెద్ద కాలేజీ పైన పెడితే, అది రానప్పుడు కిందిది కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ర్యాంకుల వరసలో మీ అమ్మాయి వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ ఆమె ఒకటో ఆప్షన్ చూస్తుంది, అక్కడ సీటు లేకపోతే రెండోది, తర్వాత మూడోది. సీటున్న మొదటి చోట ఆగుతుంది. అందుకని ఇష్టం ఏ వరసలో ఉందో అదే వరసలో పెట్టాలి. ర్యాంకు చూసుకోవాల్సింది లిస్టులో ఏమేం ఉండాలన్నదానికే, వరసకు కాదు.

ఏమేం ఉండాలో తేల్చేది కిందటేళ్ల చివరి ర్యాంకుల షీటు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఆఖరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో చెప్పే పట్టిక. యాప్‌లలో ర్యాంకు కొడితే వచ్చే కాలేజీల జాబితా కన్నా దీన్నే నమ్మండి. నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించి, స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చోండి. ఒక్కో వరసలో ఒక కాలేజీ, ఒక బ్రాంచి ఉంటాయి, పక్కన ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్ అంటూ కేటగిరీల గడులు. చాలామంది మొదట కనబడే ఓసీ గడి చూసి బెంగపెట్టుకుంటారు. మీరు చూడాల్సింది బీసీ-డీ గర్ల్స్. వరస తప్పకుండా స్కేలు ఆనించి చదవండి, అక్షరాలు చాలా చిన్నవి. చివర్లో ఫీజు గడి కూడా ఉంటుంది, అదీ రాసుకోండి.

బీసీ-డీ గర్ల్స్ గడిలో చివరి ర్యాంకు 35 వేల లోపు ఉన్నవి ఆశ పెట్టుకోదగ్గవి అనుకోండి. 40 నుంచి 60 వేల మధ్య ఉన్నవి మీ ర్యాంకుకు తగినవి. 80 వేలు దాటినవి సేఫ్. ఈ గీతలు నా అంచనా మాత్రమే, ఇటూ అటూ జరుపుకోవచ్చు. ఒక్క ఏడాది షీటుతో ఆగకండి, కనీసం రెండేళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. 2024-25 నుంచి బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) మంచి కాలేజీలకు తీసేసింది, దాంతో కొన్నిచోట్ల సీఎస్‌ఈ సీట్లు బాగా పెరిగాయి. అలాంటి చోట పాత ర్యాంకు ఇప్పుడు సరిగ్గా సరిపోదు. ఇంకో మాట, గడిలో లక్షన్నర దాటిన ర్యాంకు కనబడితే అక్కడ అడిగినవాళ్లందరికీ సీటు దొరికినట్టే. అది సేఫే, కానీ అక్కడ సీట్లు ఎందుకు మిగులుతున్నాయో కనుక్కోకుండా పెట్టకండి.

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇంకొకటుంది. ఒకే కాలేజీ సీఎస్‌ఈకి ఆశలో, ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్) తగినదానిలో, సివిల్‌కి సేఫ్‌లో పడొచ్చు. కాబట్టి కాలేజీ, బ్రాంచి జంటగా లెక్కపెట్టండి. మంచి కాలేజీలో ఈసీఈనా, ఓ మోస్తరు కాలేజీలో సీఎస్‌ఈనా అన్నది మాత్రం అమ్మాయినే అడగండి, చదవాల్సింది ఆమే. మా మేనకోడలు ల్యాబులు, లెక్చరర్లు బాగున్న చోటే కావాలని ఈసీఈని పైకి జరిపింది, కోడింగ్ అక్కడే నేర్చుకుంటోంది. నా ఓటు కూడా కాలేజీకే.

మన చుట్టుపక్కల చూడదగ్గవి చెబుతాను, ఏది ఏ గుంపులో పడుతుందో షీటే చెబుతుంది. విజయనగరంలో జేఎన్‌టీయూ-గురజాడ కాలేజీ ఉంది, 2007లో జేఎన్‌టీయూ కాలేజీగా మొదలై 2022లో యూనివర్సిటీ అయింది. ప్రభుత్వానిది కాబట్టి ముందు దాని గడి చూడండి. టెక్కలిలో ఆదిత్య (ఐతమ్), జొన్నాడలో లెండి, చిలకపాలెంలో శ్రీ శివానీ, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, విశాఖ వైపు సంగివలసలో అనిట్స్, దాకమర్రిలో రఘు ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా పాత ఉమ్మడి జిల్లాలన్నీ ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియనే, అక్కడి కాలేజీల్లో 85 శాతం లోకల్ సీట్లకు మీ అమ్మాయి అర్హురాలే. అందుకని కాకినాడ, గుంటూరు వైపు కూడా ఒకటి రెండు చూడండి, హాస్టల్‌కు పంపడం మీకు సమ్మతమైతేనే.

సేఫ్ కాలేజీని కళ్లతో చూడకుండా పెట్టొద్దు. పైవాటి గురించి అందరూ చెబుతారు, దీని గురించి ఎవరూ చెప్పరు. పనిరోజున అమ్మాయిని తీసుకెళ్లండి. ఆఫీసులో కాదు, గేటు బయట టీ కొట్టు దగ్గర రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లల్ని అడగండి. క్లాసులు రోజూ జరుగుతున్నాయా, ల్యాబులో ఒక్కో కంప్యూటర్ మీద ఎంతమంది కూర్చుంటున్నారు, కిందటేడాది ఎవరికి ఏ ఉద్యోగం వచ్చింది. నాణ్యత చూసి ఇచ్చేవాటిలో నాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి ఇస్తారు, మీరనుకున్న బ్రాంచికి ఉందో లేదో అడగండి. చూసొచ్చాక "ఇక్కడైనా చేరతాను" అని అమ్మాయి అంటేనే అది సేఫ్ ఆప్షన్. చేరే మనసు లేనిదాన్ని కింద పెట్టి ధైర్యంగా ఉండలేం.

ఇప్పటికే కాలేజీ ఏజెంట్ల ఫోన్లు మొదలై ఉంటాయి. మా ఇంటికైతే ఒకాయన స్వీట్ ప్యాకెట్‌తో వచ్చి, హాల్ టికెట్ నంబరు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెబితే ఆప్షన్లు తనే పెట్టేస్తానన్నాడు. పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. మేనేజ్‌మెంట్ సీటుకో, స్పాట్ అడ్మిషన్‌కో (విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లను కాలేజీయే నింపుకోవడం) వెళ్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, కన్వీనర్ సీటు, అంటే ఈ కౌన్సెలింగ్‌లో ర్యాంకు మీద వచ్చే సీటు, వదులుకోవద్దనేది అందుకే. కన్వీనర్ సీటైనా ఆ డబ్బు ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది, ఒక ఏడాది ఫీజు సర్దగలరో లేదో ముందే చూసుకోండి.

మొదటి విడతలో సేఫ్ సీటే వస్తే రిపోర్ట్ చేసి, అంటే చేరుతున్నట్టు నమోదు చేయించి, పెట్టుకోండి. రెండో విడతలో దానికన్నా నిజంగా మెరుగనిపించినవే పెట్టండి. ఎందుకంటే కొత్త సీటు రాగానే పాతది దానంతటదే రద్దవుతుంది, మళ్లీ అడిగినా ఇవ్వరు. మెరుగైనవి ఏవీ రాకపోతే పాత సీటు మీదే. గడువు చివరి రోజు సైట్ మొరాయిస్తుంటుంది, ఒక రోజు ముందే సేవ్ చేసి ప్రింట్ తీసుకోండి. ఫ్రీజ్ చేసే (ఆప్షన్లు ఖరారు చేసే) ముందు ఆ ప్రింట్ అమ్మాయికిచ్చి, పైనుంచి కిందికి కాలేజీ, బ్రాంచి గట్టిగా చదివించండి.