మాత్రలూ, మీ ఆయన అనుమానాలూ

అమ్మలూ,

నీ డిప్రెషన్‌కి డాక్టరుగారు ఎస్సిటాలోప్రామ్ మాత్రలు రాశారనీ, కొని కూడా తెచ్చుకున్నావనీ, అల్లుడుగారు "అలవాటైపోతాయి, జీవితాంతం మింగాలి" అని వద్దంటున్నారని వాటిని బీరువాలో చీరల కింద పెట్టావనీ రాశావు. ముందు అక్కణ్ణించి తియ్యి. మీ అత్తగారి షుగరు మాత్రల డబ్బా పక్కన పెట్టు. దాచుకుని వేసుకుంటే ఎప్పుడో ఒకప్పుడు బయటపడక మానదు. ఆ రోజు గొడవంతా నువ్వు దాచినందుకే జరుగుతుంది తప్ప నీ ఆరోగ్యం ఊసు ఎవరూ ఎత్తరు. ఆయన కొట్టే మనిషో, మాత్రలు లాక్కుని పారేసే మనిషో అయితే వేరే మాట చెప్పేదాన్ని. అలాంటివాడు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నర్సుగా నా సర్వీసులో చివరి ఏళ్లన్నీ సైకియాట్రీ ఓపీలోనే గడిచాయి కదా. భార్యల్ని తీసుకొచ్చిన మగవాళ్లు చాలామంది బయట బెంచీ మీద బండి తాళం తిప్పుకుంటూ కూర్చునేవారు. లోపలికి రండి బాబూ అంటే, "ఆవిడకే కదండీ, నేనెందుకు" అనేవారు. ఇంటికెళ్లాక మందులు వద్దనేదీ వాళ్లే. డాక్టరు చెప్పింది చెవిన పడలేదు కాబట్టి పక్కింటాయన చెప్పిందో, ఫోన్లో చూసిందో నమ్మేవారు. అందుకని వచ్చే రివ్యూకి అల్లుడుగార్ని లోపలిదాకా తీసుకెళ్లు. ఆయన అనుమానాలు ఆయన చేతే కాగితం మీద రాయించు. డాక్టరు తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకోవద్దు. తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చి కూర్చుంటున్న దానివి, అన్నం సయించని దానివి, వాదించే ఓపిక నీకెక్కడిది?

"అలవాటైపోతాయి" అన్న మాటకి మాత్రం జవాబు నువ్వూ తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఎస్సిటాలోప్రామ్ మత్తు ఇవ్వదు. ఇంకా ఇంకా కావాలని మనసు లాగదు. కానీ కొన్నాళ్లు వాడి ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది, వింత కలలొస్తాయి, తలలో కరెంటు పాస్ అయినట్టు జివ్వుమంటుంది. అందుకే డోసు తగ్గించుకుంటూ వచ్చి మాన్పిస్తారు. ఎక్కువకాలం వాడినవాళ్లకి ఆ తగ్గించడానికే నెలలు పట్టొచ్చు. ఇది ఆయనకి ముందే చెప్పు. రేపెప్పుడో తనంతట తను తెలుసుకుంటే, "చూశావా, నేను చెప్పలా" అంటారు. ఇక జీవితాంతమా అంటే, మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కి మనిషి పూర్తిగా తేరుకున్నాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడించి, ఆ తర్వాత తగ్గించడం మామూలు పద్ధతి. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకి ఎక్కువ కాలం కావాలి.

నిజంగా అలవాటుపడే మాత్ర ఒకటుంది, దాని సంగతి ఎవరూ ఎత్తరు. ఒకసారి స్ట్రిప్పు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదువు. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్‌తో పాటు క్లోనజెపామ్ కూడా కలిపేసి ఒకే మాత్రగా అమ్ముతారు, పేరు చివర "ప్లస్" అనో మరోటో తగిలిస్తారు. క్లోనజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటివి ఆ రాత్రికే నిద్రపట్టిస్తాయి, కంగారు తగ్గిస్తాయి. మొదట్లో కొన్ని వారాలకి రాయడంలో తప్పులేదు. నెలల తరబడి మింగితే వదలడం కష్టం. నీకు రాసింది విడిగానా, కలిపిందా, కలిపిందైతే ఎన్నాళ్లు అని డాక్టర్ని అడుగు. మీ ఆయన భయానికి అసలు చోటు ఇదీ. ఆయన అడిగేది కూడా ఇదే అయితే నేను ఆయన పక్షమే. ఇంకోటి, మెడికల్ షాపులో కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రల ముక్క చేతిలో పెడతారు, దాని మీద పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. అలాంటిది తీసుకోకు, నిండు స్ట్రిప్పు అడిగి తీసుకో.

మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గి డిప్రెషన్ వస్తుందనేదంతా అబద్ధమని ఆయన ఏదో వీడియో చూపించారన్నావు. ఆయన పూర్తిగా తప్పేం కాదు. 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ తిరగేసి, సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారం లేదన్నారు. కానీ జబ్బు ఎలా వస్తుందో తేలకపోవడం వేరు, మందు పనిచెయ్యకపోవడం వేరు. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ ఎలా పనిచేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేల్లేదు, మానేశామా? 2018లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 522 ట్రయల్స్ కలిపి చూస్తే, 21 రకాల డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగనే తేలింది. సగటున ఆ తేడా మరీ పెద్దదేం కాదు, కొందరికి మొదటి మందు పడదు, మార్చాల్సి వస్తుంది. ఇంతకు మించి ఆశ చూపించి ఆయన్ని ఒప్పించాలని చూడకు.

యోగా, వాకింగ్, కౌన్సెలింగ్ అన్నీ మంచివే, చెయ్యి. జబ్బు కొద్దిగా ఉన్నప్పుడు మాటలతో చేసే వైద్యంతోనే మొదలెట్టొచ్చు. ఇప్పుడు మంచం దిగడమే గండంగా ఉన్న నీకు, కాస్త ఓపిక వచ్చేదాకా మందు సాయం కావాలి. అశ్వగంధ తెస్తానంటే మాత్రం డాక్టరుకి చెప్పకుండా కలపొద్దు. థైరాయిడ్ పరీక్ష చేయించకపోతే చేయించు, అది తగ్గినా మనిషి ఇలాగే అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. పెళ్లయిన కొత్తలోనే భార్యకి డిప్రెషన్ అంటే, "నేనేం తక్కువ చేశాను" అన్న ప్రశ్న ముందు ఆయన గుండెల్లో పడుతుంది. నలుగురూ తనని వేలెత్తి చూపిస్తారనీ ఉంటుంది. ఆ మాట పైకి అనలేక "మందులు మంచివి కావు" అంటారు. నీ వల్ల వచ్చింది కాదు అని ఆయనతో చెప్పు, అది నిజమైతేనే. ఏదైనా పంటి కింద రాయిలా ఉంటే అది వేరే రోజు, వేరే మాట. మందుల మాటలో కలపకు.

"వేసుకోనా?" అని మాత్రం అడక్కు. అడిగితే నీ వైద్యం ఆయన అనుమతి మీద ఆధారపడిపోతుంది. "సోమవారం నుంచి మొదలెడుతున్నానండీ, మీరొక పని చేసిపెట్టాలి" అను. పని ఏమిటంటే, గోడ క్యాలెండర్‌లో రోజూ రెండు ముక్కలు రాయడం. ఎన్ని గంటలు పడుకున్నావు, ఏం తిన్నావు, ఎవరితోనైనా మాట్లాడావా. ఎందుకంటే మందు పట్టే సంగతి వేసుకునేవాళ్లకి చివర తెలుస్తుంది, ఇంట్లోవాళ్లకి ముందు కనిపిస్తుంది. ఒకాయన రివ్యూలో, "మా ఆవిడ నిన్న వంకాయలబండి దగ్గర ఐదు రూపాయలకి బేరమాడిందండీ" అని నవ్వుతూ చెప్పాడు. ఆవిడేమో పక్కన కూర్చుని, నాకేం తేడా లేదంటోంది! అనుమానించేవాడి కళ్లు నిశితంగా ఉంటాయి, వాటిని పనిలో పెట్టుకో.

ఆయన కనిపెట్టి చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మొదటి వారాల్లో నువ్వు కుదురుగా కూర్చోలేకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచనలు కొత్తగా వచ్చినా, ఉన్నవి పెరిగినా వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. పాతికేళ్లలోపు వాళ్లలో ఈ జాగ్రత్త మరీ ఎక్కువ. నిద్రలేకపోయినా హుషారు ఆగకుండా, మాట తెగకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెడుతున్నా అంతే. ఇంతకు ముందెప్పుడైనా అలాంటి దశ నీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ వచ్చి ఉంటే మొదలుపెట్టకముందే చెప్పు, వైద్యమే మారిపోతుంది. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

ఇక వేసుకోవడం. మొదటి వారం 5 మిల్లీగ్రాములే అన్నారు కదా, పొద్దున్న టిఫిన్ అయ్యాక వేసుకో. వికారం, తలనొప్పి, విరేచనాలు ఉండొచ్చు, ఎక్కువమందికి వారం రెండు వారాల్లో సర్దుకుంటాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. చేదు ముందు, తీపి తర్వాత. చాలామంది మానేసేది ఈ మధ్యలోనే, మొగుళ్లు "చూడు, ఇంకా నీరసపడ్డావు" అనేదీ అప్పుడే. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకు. నడుంనొప్పికి ఎవరైనా ట్రమడాల్ రాయబోతే ఈ మందు వాడుతున్నానని చెప్పు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ సొంతంగా వద్దు, రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఇది పెద్దమ్మగా చెప్పలేను గానీ నర్సుగా చెప్తాను. ఈ మందుల వల్ల కోరిక తగ్గడం, భార్యాభర్తల కలయికలో తృప్తి ఆలస్యమవడం చాలామందికి ఉంటుంది. ముందే చెప్పకపోతే ఆయన దాన్ని తన మీద విముఖత అనుకుంటారు. మొహమాటపడి ఓర్చుకోకండి, డాక్టరుకి చెప్తే డోసో మందో మారుస్తారు. పిల్లల గురించి అనుకుంటున్నట్టైతే అదీ ఇప్పుడే చెప్పండి. నెల తప్పిందని కంగారుపడి నీ అంతట నువ్వు మానెయ్యకు.

ఎవరికి చెప్పాలన్నది నీ ఇష్టం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. "ఎర్రగడ్డ" జోకులేసే చుట్టాలకి చెప్పనవసరం అసలే లేదు.

పండక్కి వచ్చేటప్పుడు నాలుగు రోజులు ఎక్కువే తెచ్చుకో. అయిపోతే మా వీధి షాపులో వేరే కంపెనీది ఇస్తాడు. పైన పేరు మారినా, వెనక ఒక్క ఎస్సిటాలోప్రామ్ పేరే, అదే మోతాదు ఉంటే నీ మందే. చీటీ మాత్రం మర్చిపోకు, వాడు చీటీ లేకుండా ఇవ్వడు.

పెద్దమ్మ