శాశ్వత రసాయనాలా, అరగని రసాయనాలా?

సందేహం: నాన్‌స్టిక్ పెనాల పూతలు, నీళ్లు అంటని బట్టల గురించి రాస్తూ పత్రికలు వాటిలో వాడే పీఎఫ్ఏఎస్ రసాయనాలను 'శాశ్వత రసాయనాలు' అంటున్నాయి. 'అవినాశ రసాయనాలు' అంటే మేలు కాదా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: వ్యాకరణం రెండింటికీ అడ్డు చెప్పదు. నా పేచీ వేరే. ఇంగ్లిషులో వీటిని 'ఫరెవర్ కెమికల్స్' అంటారు. ఆ ఫరెవర్ కనపడగానే నిఘంటువు తెరిచి శాశ్వత అని అతికించేయడం ఈమధ్య జబ్బులా పట్టుకుంది. శాశ్వత కీర్తి, శాశ్వత పరిష్కారం అని మనం ఎక్కువగా కోరుకునేవాటికి వాడే మాట అది, విషానికి ఆ మర్యాద దేనికండీ?

పసిపిల్లలకు పాలు పట్టాక పొట్ట నిమురుతూ 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అంటారు కదా. మేక మాంసంగా కడుపులో చేరి, అన్న ఇల్వలుడు పిలవగానే పొట్ట చీల్చుకుని వచ్చే వాతాపిని అగస్త్యుడు అరిగించేసుకున్నాడు. ఆ జీర్ణానికీ ముసలితనమనే జరకూ ధాతువు ఒకటే, 'జౄ'. తిన్నది అరగడం, ఒళ్లు ముదరడం, బట్ట చివికిపోవడం, గుడి శిథిలమవడం అన్నీ అందులోవే, జీర్ణోద్ధరణ అనడం అందుకే. ఇంకో తమాషా చూడండి, ఆయుర్వేదంలో జరనూ వ్యాధినీ పోగొట్టే మందును రసాయనం అన్నారు. ఇప్పుడు తనకే జర లేని రసాయనం వచ్చి మనకు వ్యాధులు తెస్తోంది!

పీఎఫ్ఏఎస్ అనే ఈ కుటుంబంలో కార్బన్‌ను ఫ్లోరిన్ పట్టుకున్న పట్టు అంత గట్టిది, సూక్ష్మజీవులకు కొరుకుడు పడదు, మన కాలేయానికీ లొంగదు. అందులో పీఎఫ్ఓఏ అనే రసాయనం ఒంట్లో చేరితే సగం బయటికి పోవడానికే రెండు మూడేళ్లు పడుతుంది. డీడీటీ పురుగుమందులా కొవ్వులో దాక్కోదు, నెత్తుట్లోని ప్రోటీన్లను అంటిపెట్టుకుని తిరుగుతుంది. అమెరికాలో పార్కర్స్‌బర్గ్ దగ్గరి డ్యూపాంట్ ఫ్యాక్టరీ నుంచి అది తాగునీళ్లలో కలిస్తే, మూత్రపిండాల క్యాన్సర్, థైరాయిడ్ సహా ఆరు జబ్బులకు దానితో సంబంధం ఉండొచ్చని అక్కడి శాస్త్రవేత్తల బృందం తేల్చింది. 2019లో, కొన్ని మినహాయింపులతో, ఇలాంటి మొండి విషాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం కింద పీఎఫ్ఓఏ నిషేధిత జాబితాకెక్కింది.

మీ 'అవినాశ' మాత్రం వద్దు. అది ఆత్మకు చెప్పే మాట, పైగా నిజమూ కాదు, బాగా ఎక్కువ వేడిలో కాలిస్తే ఇవీ విరుగుతాయి. 'అజీర్ణ రసాయనాలు' అందామంటే కడుపుబ్బరం గుర్తొస్తుంది. అచ్చతెలుగులో కాలి చెప్పు అరుగుతుంది, అన్నమూ అరుగుతుంది కాబట్టి నా ఓటు 'అరగని రసాయనాలు'కే. పాఠ్యపుస్తకంలో 'శాశ్వత' కనపడితే కొట్టేయమని మాత్రం పట్టుబట్టను.

అన్నట్టు, ఉపసంపాదకులకో మనవి. ఈ వార్తల పక్కన నల్గొండ ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలు వేయకండి. అది రాళ్ల నుంచి భూగర్భ జలాల్లోకి దిగే ఫ్లోరైడ్, ఆ కథ పూర్తిగా వేరు.